మా చెల్లె ఎత్తు బెల్లం

పద్నాలుగేళ్ళ చెల్లెల్ని భుజాన వేసుకుని, ఇస్నాపూర్ నుంచి సంగారెడ్డి ఆసుపత్రి దాకా, ఎండాకాలం మిట్టమధ్యాహ్నం, చెప్పుల్లేని కాళ్ళతో నడిచి, ఆమె ప్రాణం నిలబెట్టినవాణ్ని నేను. దారిలో ఒక్కచోట కూడా దించలేదు. కంది దగ్గర ఒక లారీ ఆగితే, "నువ్వు పో భాయ్, నీ లారీ కన్నా నా కాళ్ళే జల్దీ పోతయి" అన్నాను.

యాభై ఏళ్ళుగా ఈ సంగతి పెళ్ళి పందిళ్ళలో, దినాల భోజనాల దగ్గర, బస్‌స్టాండు బెంచీల మీద చెబుతూ వచ్చాను. ఎవరూ కాదనలేదు. కాదనగలిగిన మనిషి ఒక్కతే, చెల్లె. ఆమె నేను చెప్పేటప్పుడు లేచి వంటింట్లోకి వెళ్ళిపోతుంది.

మొన్న పోతిరెడ్డిపల్లిలో ఆమె ఇంట్లోనే, ఆమె మనవరాలి ఐదో పుట్టినరోజున, మళ్ళీ మొదలుపెట్టబోయాను. అంతలో వరసకు మరదలయ్యే ఒకావిడ ఆ పిల్ల బుగ్గ గిల్లి, "ఏందే, గింత గుండ్రంగ తయారైనవు? జెర తగ్గియ్యుండ్రి దీన్ని, రేపు ఎవడు చేసుకుంటడు?" అంది. అంటూనే, అదే చేత్తో, పిల్ల నోట్లో లడ్డూ కుక్కింది. అందరూ నవ్వారు. పిల్ల నవ్వలేదు. లడ్డూ బుగ్గలో పెట్టుకుని, మింగాలా ఉమ్మాలా తెలియక, మా మొహాలు ఒక్కొక్కటే చూసింది.

ఆ చూపు నాకు తెలుసు. అరవై ఏళ్ళ కింద చూసిన చూపు అది. చేతిలో ఉన్న ప్లేటు నేలకేసి కొట్టాను. ముక్కలైంది.

ముక్కలు కాలేదు. కాగితం ప్లేటది. కింద పెట్టాను, కొంచెం విసురుగా. కానీ అరిచిన మాట నిజం. "దాని ఒంటి సంగతి మీకెందుకు? తినమనేది మీరే, తిన్నదనేది మీరే! పిల్లను ఏం చేద్దామనుకుంటున్నరు?" అని గొంతు చించుకుని అరిచాను. తాతకు బీపీ లేచిందన్నారు. ఎవరో మజ్జిగ తెచ్చి ఇచ్చారు. ఆ మజ్జిగ తాగి ఇంటికొచ్చి, ఆ కోపంతోనే ఇది రాస్తున్నాను. కోపం చల్లారకముందే రాయాలి. చల్లారితే మళ్ళీ నా భుజం కథే బయటికొస్తుంది.

నాకూ చెల్లెకూ మధ్య మా అమ్మకు ఇంకో ఆడపిల్ల పుట్టింది. ఏడాదిన్నర బతికి, విరేచనాలతో పోయింది. అందుకని చెల్లె పుట్టగానే మా నాయినమ్మ ఆమెను అమ్మ చేతుల్లోంచి తీసుకుంది. "తినక సచ్చింది అది. దీన్ని నేను సావనియ్య" అంది. ఏడాది నిండేసరికి చెల్లెకు జ్వరం పట్టుకుని పదిహేను రోజులు వదల్లేదు. అప్పుడు నాయిన మా ఊరి అమ్మవారికి మొక్కుకున్నాడు: ఈ పిల్ల బతికితే, పెళ్ళయ్యేదాకా యేటా జాతరకు పిల్ల ఎత్తు బెల్లం ఇస్తానని. అంటే కాంటాలో ఒక పళ్ళెంలో పిల్లను కూర్చోబెట్టి, రెండో పళ్ళెంలో సరిసమానంగా తూగేదాకా బెల్లం దిమ్మెలు పెట్టి, ఆ బెల్లం అమ్మవారి ముందు పెట్టి, ఊరికి పంచడం. మా వైపు చెరుకు పండేది. ఆ మొక్కు మొక్కని ఇల్లు తక్కువ.

పిల్ల బతికింది. బతికించే పని నాయినమ్మ ఎప్పుడూ ఆపలేదు.

ఆ పని ఎలా జరిగేదో చెబుతాను. నాయినమ్మ కాళ్ళు చాపి కూర్చుని, చెల్లెను కాళ్ళ మధ్య పడుకోబెట్టేది. ఎడమ చేత్తో ముక్కు మూసేది. ముక్కు మూస్తే ఊపిరికోసం నోరు తెరుస్తుంది కదా, తెరిచిన నోట్లోకి పాలూ అన్నమూ కలిపి పిసికిన జావ పోసేది. పిల్ల కక్కేది. కక్కితే తుడిచి మళ్ళీ పోసేది. "మింగు. మింగకుంటే మీ అక్క తీరు సస్తవు. గుంతల పెడతరు" అనేది. మూడేళ్ళ పిల్లతో! పొద్దున ఒకసారి, మాపున ఒకసారి. పిల్లకు ఐదేళ్ళు నిండేదాకా ఇదే తంతు. వాకిట్లోంచి పోయేవాళ్ళు ఏడుపు విని ఆగి, "ముసలమ్మ మనవరాలిని ఎంత పానం లెక్క సాకుతున్నదో!" అని మెచ్చుకునేవాళ్ళు.

ఆ మెచ్చుకున్నవాళ్ళందరి మీదా నాకు ఇప్పటికీ మంటగానే ఉంది. ఒక్కరైనా లోపలికొచ్చి ఆ చెయ్యి తీసెయ్యొచ్చు కదా? నాయినమ్మ మీద కోపం తెచ్చుకోవాలంటే నా చేత కాదు. ఒక పిల్లను గుంతలో పెట్టి వచ్చిన మనిషి. కానీ ఊరంతా ఏమైంది? అమ్మ ఏమైంది? అమ్మ మూల నిలబడి కొంగు నోట్లో కుక్కుకునేది. నాయిన పొలానికి పోయేవాడు.

నేనెక్కడున్నానంటారా? చెల్లె కాళ్ళ దగ్గర. కాళ్ళు కొట్టుకోకుండా పట్టుకోవడం నా పని. నాకప్పుడు ఏడెనిమిదేళ్ళు. పట్టుకున్నందుకు, అయ్యాక గిన్నెలో మిగిలింది నాకు పెట్టేవాళ్ళు. నేను బక్కగా ఉండేవాణ్ని. నా ఒంటి గురించి ఎవడూ ఒక్క మాట అనలేదు. మగపిల్లాడు, ఎముకలున్నా చాలు.

జాతర రోజు కాంటా వేసేది పెద్ద బజార్లో, ధాన్యం తూచే దుకాణం ముందు. దూలానికి వేలాడే ఇనప కాంటా, రెండు వైపులా మోకులతో కట్టిన చెక్క పళ్ళాలు. చెల్లెకు మొదట్లో అది ఉయ్యాల. కొత్త లంగా కట్టించి, కాటుక పెట్టి కూర్చోబెడితే కిలకిలా నవ్వేది. యేటేటా బెల్లం పెరిగేది. పెరిగినకొద్దీ నాయినమ్మ మొహం వెలిగేది. "సూసినరా, నా చెయ్యి!" అనేది. చెల్లె తూకం అంటే నాయినమ్మ గెలుపు.

చెల్లెకు తొమ్మిదో పదో వచ్చేసరికి లోకం తిరగబడింది. మా పొలం సగం ఫ్యాక్టరీల కిందికి పోయింది. నాయిన పెద్ద ఫ్యాక్టరీలో హెల్పర్‌గా చేరాడు. మేము ఇస్నాపూర్లోనే రోడ్డుకు దగ్గరగా ఇల్లు కట్టుకుని, వెనక రెండు గదులు కిరాయికిచ్చాం. ఇంతలో చెల్లె నిండుగా, గుండ్రంగా పెరిగింది. ఏ నోళ్ళైతే తిను తిను అన్నాయో అవే నోళ్ళు ఇప్పుడు మాట మార్చాయి. "ఆడివిల్లవు, మారు అడుగుతవేందే?" "జెర కడుపు కట్టుకోవాలె." మా మేనత్త అయితే గుమ్మంలో చెప్పులు విడవకముందే మొదలుపెట్టేది. "వచ్చిందమ్మా నా కోడలు, మంచం జెర గట్టిదెయ్యుండ్రి" అనేది. పెట్టేటప్పుడు మాత్రం ఎవరూ తగ్గించలేదు. కంచంలో కొండంత పెట్టడం, తింటుంటే నవ్వడం, వదిలేస్తే అన్నం పారేస్తావా అని తిట్టడం. ఏది చేసినా తప్పే అయితే ఆ పిల్ల ఏం చెయ్యాలి? ఇంట్లో అమ్మ ఎట్లా తినేదో ఆ పిల్ల చూస్తూనే ఉంది. అందరి తర్వాత, గంజులో అడుగున మిగిలింది, నిలబడే. వారానికి మూడు ఒక్కపొద్దులు. అమ్మ తినకపోతే పుణ్యాత్మురాలు. కూతురు తింటే తిండిపోతు. ఎవరు నేర్పారు ఈ పాఠం? మేమే.

చెల్లెకు పన్నెండేళ్ళ యేడు జాతర. అంతకుముందు యేడు మూడు దిమ్మెలు, ఒక చిన్న ముక్క తూగింది. ఆ యేడు పిల్ల కూర్చోనంటే నాయినమ్మ రెక్క పట్టి కూర్చోబెట్టింది. బజారంతా జనం. మూడు దిమ్మెలు పెట్టారు, చెల్లె పళ్ళెం లేవలేదు. ముక్కలు పెట్టారు, లేవలేదు. నాలుగో దిమ్మె పెట్టారు. అప్పుడు లేచింది. మేనత్త చప్పట్లు కొట్టి, బజారంతా వినబడేటట్టు, "ఓ పిల్లా! అమ్మవారికి మొక్కినవా, అమ్మవారినే మింగినవా? వచ్చే యేడు కాంటా కాదు, లారీలు తూచేకాడికి కొంటవోదాం!" అంది.

నవ్వులే నవ్వులు. అందరికన్నా గట్టిగా నవ్వినవాడు నాకు బాగా తెలుసు. చెల్లె తల ఎత్తలేదు. రెండు చేతులతో మోకు పట్టుకుని, పళ్ళెం అంచు వైపే చూస్తూ కూర్చుంది.

ఆ తర్వాతే అన్నం మానింది. ఒక్కసారిగా కాదు. ముందు మాపు అన్నం. తర్వాత పెరుగు. కంచం తీసుకుని పశువుల కొట్టం వైపు పోయేది, బర్రె కుడితి గోలెంలో కలిపేసి, మూతి తుడుచుకుంటూ వచ్చేది. బర్రె పాలు చిక్కబడ్డాయని అమ్మ సంబరపడింది. బడిలో పంతులమ్మ, "ఇప్పుడు చూడముచ్చటగా ఉన్నావ్" అందట. మేనత్త వచ్చి, "గిప్పుడు ఆడివిల్ల తీరు కొడుతున్నది" అంది. పిల్ల చచ్చిపోతూ ఉంటే మెచ్చుకున్నారు! బక్కచిక్కిన ప్రతి నెలా ఆమెకు ఒక మెప్పు దొరికింది. పుట్టి బుద్ధెరిగాక అంత మెప్పు ఆ పిల్ల ఎన్నడు చూసింది?

మరుసటి జాతరకు రెండు దిమ్మెలే తూగాయి. రెండు లంగాలు, ఒకదాని మీద ఒకటి కట్టుకుని కూర్చున్నా రెండే. అప్పుడు ఎవరూ నవ్వలేదు. దుకాణం సేటు రెండుసార్లు మోకులు సరిచూశాడు. నాయినమ్మ నేల మీద కూలబడి, అమ్మవారికి కోపమొచ్చిందని నెత్తి కొట్టుకుంది. గాలి సోకిందని ఒకణ్ని పిలిపించారు. వాడు వేపమండలతో కొట్టాడు. ఎముకల మీద పడితే వేపమండ ఎట్లా చప్పుడు చేస్తుందో విన్నారా? నేను విన్నాను. జుట్టు కుచ్చులు కుచ్చులుగా దువ్వెనకొచ్చేది. ఎండాకాలం గొంగడి కప్పుకునేది. పెద్దమనిషైన పిల్లకు ముట్టు ఆగిపోయింది. ఆ సంగతి ఆడవాళ్ళు గుసగుసలాడుకుని దాచిపెట్టారు, సంబంధాలు చెడిపోతాయని. పిల్ల పోతుందని కాదు, సంబంధాలు పోతాయని.

ఇప్పుడు భుజం సంగతి. సంగారెడ్డికి బస్సులో పోయాం. నాయినకు డ్యూటీ ఉంటే నన్ను తోడు పంపారు. బస్సు దిగి చెల్లె నడిచే వచ్చింది, గోడలు పట్టుకుంటూ. నేను మోసింది అమ్మ కట్టిచ్చిన టిఫిన్ డబ్బా. లారీవాడు లేడు. ఎండ ఉంది, చెప్పులు కూడా ఉన్నాయి. అది ఆసుపత్రి కాదు, ఒక గదిలో కూర్చునే డాక్టరు. ఆయన రెప్ప లాగి చూసి, రక్తం తక్కువని టానిక్ రాసి, "ఏం లేదు, మొండి. పెండ్లి చేయుండ్రి, అదే తింటది" అన్నాడు. నేను అతని కాలర్ పట్టుకున్నానని చాలామందికి చెప్పాను. పట్టుకోలేదు. "అచ్ఛా సార్" అన్నాను. బయట చెట్టు కింద చెల్లె డబ్బా ముట్టుకోకపోతే ఆ పులిహోర నేనే తిన్నాను. మొత్తం. "తినే, సస్తవా?" అని అంటూనే తిన్నాను.

ప్రాణం నిలబెట్టింది మా వెనక గదిలో కిరాయికున్న పిన్ని. కోస్తా నుంచి వచ్చినవాళ్ళు. మొగుడు ఫ్యాక్టరీలో ఫిట్టరు, పిల్లలు లేరు. మేము చిన్నమ్మా అంటే, "పిన్నీ అనండర్రా, వినడానికి ప్రాణం లేచొస్తుంది" అనేది. ఒకరోజు అమ్మతో అంది:

"వదినగారూ, ఒక్క మాట చెబుతాను, ఏమీ అనుకోకండి. ఆ పిల్ల కంచం ముందు కూర్చుంటే ఈ ఇంట్లో ఎనిమిది కళ్ళు దాని నోటికేసే చూస్తాయి. అలా చూస్తుంటే నాకైనా గొంతు దిగదండీ."

నాయినమ్మ మంచం మీంచే అందుకుంది. "కిరాయికున్నోళ్ళు గూడ మాకు పిల్లల సాకుడు నేర్పవట్టిరి. నీకెంతమందమ్మా పిల్లలు?"

పిన్ని మొహం మాడిపోయింది. కానీ మర్నాడు చెల్లెను కేకేసింది.

"అమ్మాయ్, ఈ పప్పుచారులో కాస్త ఉప్పు చూసి పెట్టవూ? జలుబు చేసి నాలిక మొద్దుబారి చచ్చింది."

చెల్లె గడప మీద కూర్చుంది. పిన్ని గరిటెతో ఆమె చేతిలో పోసి, వెంటనే పొయ్యి వైపు తిరిగిపోయింది. తిన్నదా లేదా చూడలేదు. చాలాసేపటికి వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"సరిపోయిందా?"

"జెర తక్కువైంది."

"చూశావా, నా ఖర్మ. వేస్తున్నాను, మళ్ళీ చూడు."

అంతే. ఆ పిన్నికి ఏడాది పొడుగునా జలుబే. ఉప్పు చూడటం అయ్యాక ఉడికిందో లేదో చూడటం, ఆ తర్వాత గిన్నెలో కొంచెం అన్నం కలిపి కారం ఎక్కువైందేమో చూడటం. ఒక్కరోజూ తిను అనలేదు. ఒక్కరోజూ బక్కగా ఉన్నావనీ అనలేదు, బాగయ్యావనీ అనలేదు. మా ఇంట్లో ఎవరికీ తట్టని పని అదొక్కటే: ఒంటి గురించి నోరు మూసుకోవడం.

తర్వాతి జాతరకు కాంటా కట్టే వేళకు నాయిన ఫస్టు షిఫ్టు దిగి, ఖాకీ బట్టల మీదే బజారుకొచ్చాడు. నాయినమ్మ చెల్లె రెక్క పట్టుకోబోతే మధ్యలో నిలబడ్డాడు. "మొక్కింది నేను. పిల్ల కాదు. నేనే కూసుంట" అని పళ్ళెంలో కూర్చున్నాడు. మేనత్త నోరు తెరిచేలోపే, "నువ్వు నోరు మూస్తవా, కాంటా మీంచి లేచి రావాల్నా?" అన్నాడు. ఆరు దిమ్మెలు తూగాడు. చెల్లె మళ్ళీ ఎన్నడూ కాంటా ఎక్కలేదు. పన్నెండేళ్ళు పొలానికి, డ్యూటీకి పారిపోయిన మనిషి ఆ రోజు వచ్చాడు. ఎందుకంత ఆలస్యంగా వచ్చావు నాయినా అని అడగలేకపోయాను.

ఇక్కడితో ఆపితే నేను మంచివాడిగానే మిగులుతాను. కానీ నాలుగో దిమ్మె సంగతి మిగిలింది.

మూడు దిమ్మెలకూ ఆ ముక్కలకే చెల్లె పళ్ళెం లేవాల్సింది. లేవలేదు, ఎందుకంటే వెనక నిలబడి, పళ్ళెం ఊగకుండా మోకు పట్టుకున్నట్టు నటిస్తూ, అంచు మీద నా కాలి బొటనవేలు పెట్టి తొక్కాను. దిమ్మె ఎక్కువైతే పంచే బెల్లం ఎక్కువ. నవ్వు కూడా ఎక్కువ. పదహారేళ్ళ గాడిదను. నా చెల్లె తన తూకం అనుకుని మోసిన ఆ దిమ్మె నా కాలిది. ఆమె అన్నం మానింది నా వల్ల. ఈ ఒక్క సంగతి దాచడానికే యాభై ఏళ్ళు ఆమెను భుజాన మోసుకుంటూ తిరిగాను. మొన్న నేనరిచింది ఆ మరదలి మీద కాదు.

ఇది రాసిన కాగితాలు పట్టుకుని పోతిరెడ్డిపల్లి పోయాను. చెల్లె చాటలో చిక్కుడుకాయలు పోసుకుని ఈనెలు తీస్తోంది. మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించాను. కాలి సంగతి ఒకటికి రెండుసార్లు చదివాను. ఆమె చేతులు ఆగలేదు.

"అయిపోయిందా?" అంది.

"అయిపోయింది."

"నీ కాలు నేను గప్పుడే సూసిన అన్నా. బండి చక్రం తాకి నీ బొటనవేలికి గుడ్డ కట్టిరి ఆ దినం. పసుపు గుడ్డ. పళ్ళెం అంచు మీద ఆనింది."

"మరి చెప్పలేదేందే?" అన్నాను.

"చెప్తే ఏమైతుండె? మూడైనా నాలుగైనా ఆళ్ళు నవ్వుడు నవ్వుడే." ఒక కాయ విరిచి, పురుగుందేమో చూసి, పక్కన పడేసింది. "ఇంగొకటి. బర్రె గోలెంల అన్నం పోసుడు ఆ యేడు మొదలువెట్టలే. అంతకు రెండేండ్ల ముందుగాలనే మొదలువెట్టిన. ముక్కు మూసి పోసిన కాడనే నాకు అన్నమంటే రోత వుట్టింది. గంత పెద్ద రోగం నీ బొటనవేలుతోని వస్తదా? కాపాడింది నేనే అని యాభై ఏండ్లు చెప్పినవు. ఇగ ఇప్పటికెల్లి చెడగొట్టింది నేనే అని చెప్పుకుంట తిరుగుతవా? రెండూ నువ్వు కాదు. నువ్వు గాడ నిలవడి బెల్లం తిన్నవు, గంతే. అది రాసుకో."